గుడ్లకు కాపలా, తల్లికి వల

2025 జనవరిలో చెన్నై, చెంగల్పట్టు తీరాలకు వెయ్యికి పైగా తాబేళ్ల కళేబరాలు కొట్టుకొచ్చాయి. దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లేలే. ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టాల్సిన కాలంలో మరబోట్ల వలల్లో చిక్కి, గాలి పీల్చుకోవడానికి పైకి రాలేక చనిపోయినవే వీటిలో ఎక్కువ. విచిత్రమేమంటే, అదే చెన్నై తీరంలో 1988 నుంచీ విద్యార్థి స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రంతా ఇసుకలో నడుస్తూ గుడ్లు సేకరించి, కంచె వేసిన చోట తిరిగి పాతిపెట్టి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతున్నారు. మెచ్చదగిన శ్రమే. కానీ ఒడ్డున బతికించేది పిల్లల్ని, నీళ్లలో పోగొట్టుకుంటున్నది తల్లుల్ని.

ఈ రెండింటి మధ్య తేడా ఎంతో లెక్కగట్టి చూపింది వేరే సముద్రంలోని వేరే జాతి. పెద్ద తల, గట్టి దవడల లాగర్‌హెడ్ తాబేళ్లు అమెరికా ఆగ్నేయ తీరంలో గుడ్లు పెడతాయి. జార్జియా రాష్ట్రంలోని లిటిల్ కంబర్‌లాండ్ దీవిలో 1964 నుంచీ వాటి గుడ్లను కాపాడుతున్నారు. అయినా సంఖ్య తగ్గుతూనే వచ్చింది. ఎందుకు? 1987లో డెబరా క్రౌస్, లారీ క్రౌడర్, హాల్ కాస్వెల్ అనే శాస్త్రవేత్తలు ఆ దీవి వివరాల ఆధారంగానే ఒక లెక్క వేశారు. ఒక్క గుడ్డు కూడా పాడుకాకుండా చూసినా ఆ జాతి కోలుకోదనీ, ఎదిగిన, ఎదుగుతున్న తాబేళ్ల చావులు తగ్గితేనే నిలుస్తుందనీ తేలింది. ఇందులో మర్మమేమీ లేదు. లాగర్‌హెడ్ ఈడుకు రావడానికి దాదాపు 30 ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు బతికి బయటపడ్డ ఒక్క ఆడ తాబేలు పోతే ఆ లోటు పూడ్చడానికి కొన్ని వందల గుడ్లు చాలవు.

దాంతో అందరి చూపూ రొయ్యల వల మీద పడింది. వల గొంతులో ఏటవాలుగా ఒక లోహపు జాలీ బిగిస్తారు. రొయ్యలు ఊచల మధ్య నుంచి లోపలికి పోతాయి, తాబేలు జాలీకి తగిలి పక్కనున్న సందులోంచి బయటపడుతుంది. దీని పేరు టెడ్. అమెరికా మత్స్యకారులేమీ దీన్ని నవ్వుతూ ఒప్పుకోలేదు. 1989లో టెక్సస్, లూసియానా రేవులకు పడవలు అడ్డం పెట్టి మరీ నిరసన తెలిపారు. పెద్ద లాగర్‌హెడ్‌లు ఆ సందులో పట్టడం లేదని 2003లో దాన్ని వెడల్పు చేయించారు. జార్జియాలో 2004లో 358 గుడ్ల గుంటలే కనిపించాయి. 2022లో 4,071. ఒడ్డున కాపలా మానలేదు సరే, కానీ దానికి సముద్రంలో కాపలా కూడా తోడైంది.

భారత్‌కు ఈ జాలీ పరిచయమైంది మాత్రం జీవశాస్త్రం ద్వారా కాదు, వాణిజ్య తగాదా ద్వారా. టెడ్ లేకుండా పట్టిన రొయ్యలు కొనబోమని 1996లో అమెరికా అనగానే భారత్, పాకిస్తాన్, మలేసియా, థాయిలాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. కరీబియన్ దేశాలకు మూడేళ్ల గడువిచ్చి ఆసియా దేశాలకు నాలుగు నెలలే ఇవ్వడం వివక్షేనని 1998లో అప్పీలు మండలి తేల్చింది. తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశాన్ని మాత్రం తప్పుపట్టలేదు. మొదటి సగాన్ని ఢిల్లీ గెలుపుగా చెప్పుకుంది. రెండో సగం రేవుల దాకా రానేలేదు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ నిబంధనల్లో టెడ్ తప్పనిసరి అయినా వలల్లో అది కనిపించడం అరుదు. ఆ కారణంతోనే భారత్‌లో సముద్రంలో పట్టిన రొయ్యలకు 2019లో అమెరికా తలుపులు మూసింది. చెరువు రొయ్యలకు ఆ ఆంక్ష లేకపోవడంతో భీమవరం వైపు ఎవరికీ నొప్పి తెలియలేదు.

బోటు యజమానుల వాదనను కొట్టిపారేయడానికి లేదు. అమెరికా బోటు రొయ్యల కోసమే వెళ్తుంది. ఇక్కడి బోటు వలలో పడ్డ ప్రతి చేపా అమ్ముకుంటేనే డీజిల్ ఖర్చు గిట్టుతుంది. తాబేలు తప్పించుకునే సందులోంచే పెద్ద చేపలూ జారిపోతాయి. జాలీ ధర భరించడం ప్రభుత్వాలకు భారం కాదు. తగవంతా జారిపోయిన చేపల నష్టం ఎవరిదన్న దాని మీదే. దానికి సమాధానం చెప్పకుండా టెడ్ ఉందా లేదా అని రేవుల్లో తనిఖీ చేస్తే, వేటకు వెళ్లాక ఆ జాలీ వలలోంచి పడవ మూలకు చేరుతుంది.

నష్టం భరించడం ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు. తూర్పు తీరంలో ఏటా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఆ కాలానికి ఆంధ్రప్రదేశ్ ఒక్కో మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 2025లో 20 వేల రూపాయలకు పెరిగింది. అయితే ఆ నిషేధం చేపల సంతానం కోసం పెట్టింది. ఏప్రిల్ 15న మొదలవుతుంది. ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో ఆలివ్ రిడ్లేలు ఎక్కువగా గుడ్లు పెట్టేది జనవరి నుంచి మార్చి మధ్యలో. వేట ఆగేసరికి తల్లుల్లో చాలా మటుకు గుడ్లు పెట్టి వెళ్లిపోయి ఉంటాయి, వలలో పడనివైతే.