పాత ల్యాప్‌టాప్.. పెళ్లి సినిమా!

అక్క పెళ్లయింది. వీడియో అతను తీసింది కాక, తమ్ముడి ఫోన్లోనే రెండు గంటల వీడియో పోగయింది. అందులో ఓ చోట తాతయ్య అక్షింతలు వేస్తూ మనవరాలితో నాలుగు మాటలు చెబుతాడు. పెళ్లయిన మూడు నెలలకు ఆయన పోయాడు. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. అన్నీ కలిపి అరగంట సినిమాగా చేసి, మొదటి పెళ్లిరోజుకి పెన్‌డ్రైవ్‌లో పెట్టి అక్కకివ్వాలని తమ్ముడి ఆశ. ఇంట్లో ఉన్నదేమో పదేళ్ల నాటి ల్యాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి క్లిప్పును టైమ్‌లైన్ మీదికి లాగాడో లేదో, బొమ్మ బిగుసుకుపోయింది. ‘దీంతో కాదు, కొత్తది కొనాల్సిందే’ అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు.

కొననక్కర్లేదు.

2000ల్లో చిన్న చిన్న ఊళ్లలోనూ వెలిసిన మిక్సింగ్ యూనిట్లు గుర్తున్నాయా? పెంటియం 4 కంప్యూటర్, 512 ఎంబీ ర్యామ్. వాటి మీదే మినీ డీవీ క్యాసెట్లలోని పెళ్లిళ్లన్నీ సినిమాలయ్యాయి. తమ్ముడి ల్యాప్‌టాప్ వాటికంటే ఎంతో బలమైనది. మరెందుకు మొరాయిస్తోంది?

గుట్టంతా ఫైలు తీరులో ఉంది. డీవీలో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. గంట వీడియోకి దాదాపు 13 జీబీ కావాలి. హార్డ్‌డిస్క్ నిండిపోయేది కానీ, ప్రాసెసర్‌కి పెద్ద శ్రమ ఉండేది కాదు. ఫోన్లు వాడే హెచ్.264 (2003లో వచ్చింది), హెచ్.265 (2013) పద్ధతులు అలా కాదు. పిసినారివి. ఎక్కడో ఒక ఫ్రేమును మాత్రమే పూర్తిగా దాచుకుంటాయి. దాన్ని కీఫ్రేమ్ అంటారు. మిగతావాటిలో మారినదెంతో అంతే రాసుకుంటాయి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిదే. ఒకటో తారీఖున మొత్తం బాకీ రాస్తారు, ఆ తర్వాత రోజూ ఎంత పెరిగిందో అంతే. పదిహేడో తారీఖున బాకీ ఎంతని అడిగితే మొదటి నుంచీ కూడుకుంటూ రావాలి. టైమ్‌లైన్‌లో ఎక్కడ వేలు పెట్టినా ల్యాప్‌టాప్ చేస్తున్నది ఆ కూడికే. పైగా బొమ్మ పెద్దది. డీవీ ఫ్రేములో సుమారు 4 లక్షల పిక్సెళ్లు. ఫోన్ వీడియో 1080 అయితే దాదాపు 21 లక్షలు, 4కె అయితే 83 లక్షలు.

కూడికలు తప్పించే ఉపాయం పేరు ప్రాక్సీ. అసలు క్లిప్పు పక్కన చిన్న నకలు తయారవుతుంది. కత్తిరింపులన్నీ ఆ నకలు మీద చేసుకోవచ్చు. చివర్లో సినిమా తయారయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ మళ్లీ అసలు ఫైలునే తీసుకుంటుంది. ఉచితంగా దొరికే షాట్‌కట్, కెడెన్‌లైవ్ రెండింట్లోనూ ఈ సదుపాయం ఉంది. నకలు ఎత్తు 540 చాలు. 4కెతో పోలిస్తే పిక్సెళ్లు పదహారో వంతే. నకళ్లు తయారవడానికి సమయం పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవడమే. జాగ్రత్త ఒక్కటి. చివర్లో ‘ప్రాక్సీ క్లిప్పులే వాడాలా’ అని అడిగే గడి ఉంటే దానికి టిక్ పెట్టకూడదు. పెడితే బొమ్మ మసకబారుతుంది, తప్పు ఎక్కడ జరిగిందో తెలియక రెండు రోజులు జుట్టు పీక్కోవాలి.

మాట ఒకచోట, పెదవులు ఒకచోట పడుతుంటే అది వేరే జబ్బు. ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని లెక్క తప్పకుండా తీయవు. వెలుతురు తగ్గితే ఫ్రేములూ తగ్గిస్తాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఇది గిట్టదు. అలాంటి క్లిప్పుల్ని ముందే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్’ పెట్టి మార్చుకోవాలి. అన్నిటికీ అక్కర్లేదు, తేడా కనిపించినవాటికి చాలు.

అసలు ఎడిటింగే అక్కర్లేని క్లిప్పులు బోలెడుంటాయి. ముందూ వెనకా కోసేస్తే చాలనుకునేవి. లాస్‌లెస్‌కట్, ఎవిడెమక్స్ లాంటివి వీటి కోసమే. ఇవి వీడియోను మళ్లీ కుదించవు, ఉన్నదున్నట్టు కోసి ఇస్తాయి. గంట వీడియో అయినా నిమిషాల్లో పని పూర్తి, నాణ్యతలో ఇసుమంత తేడా రాదు. కాకపోతే కోత కీఫ్రేమ్ దగ్గరే పడుతుంది కాబట్టి, అనుకున్నదానికి కొంచెం ముందు నుంచి మొదలవ్వొచ్చు. తాతయ్య మాటల్ని ఇలాగే కోసుకోవడం మేలు, అటూ ఇటూ ఓ పది సెకన్లు వదిలి.

ఇక ఎక్స్‌పోర్ట్. పాత యంత్రం ఇక్కడ నెమ్మదే. కానీ నెమ్మదిగా చేసినంత మాత్రాన సినిమా చెడిపోదు. ముందు ఒక నిమిషం ముక్క చేసి చూస్తే లెక్క తేలిపోతుంది. నిమిషానికి నాలుగు నిమిషాలు పడితే, అరగంటకు రెండు గంటలు. ల్యాప్‌టాప్‌ను దిండు మీద కాక బల్ల మీద పెట్టాలి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నిద్రలోకి జారుకోకుండా స్లీప్ ఆపేయాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్ అయితే పది నిమిషాల ముక్కలుగా చేసి, చివర్లో లాస్‌లెస్‌కట్‌తో అతికించుకోవడం నయం. కరెంటు పోయినా ఒక ముక్కే పోతుంది.

ఇంటెల్ 2011లో తెచ్చిన రెండో తరం కోర్ ప్రాసెసర్ల నుంచి వీడియో కుదించడానికి చిప్‌లోనే ప్రత్యేక భాగం ఉంది, క్విక్ సింక్ అని. సాఫ్ట్‌వేర్‌లో ‘హార్డ్‌వేర్ ఎన్‌కోడర్’ ఎంచుకుంటే అది పని అందుకుంటుంది. వేగం బాగా పెరుగుతుంది. అదే సైజులో బొమ్మ మాత్రం ఒకింత తగ్గుతుంది. తొందర లేకపోతే అది లేకుండా చేసుకోవడమే మంచిది.

సైజు ఎంతొస్తుందో ముందే చెప్పొచ్చు. 8 ఎంబీపీఎస్ బిట్‌రేట్ అంటే సెకనుకు 1 ఎంబీ, కాబట్టి అరగంట సినిమా 1.8 జీబీ. 1080కి ఇది సరిపోతుంది. హెచ్.264 ఎంపీ4గా చేస్తే చుట్టాలింట్లోని పాత టీవీలోనూ ఆడుతుంది. హెచ్.265కి ఆ భరోసా లేదు. ఫైలు 4 జీబీ దాటితే ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కదు. ఇది తెలియక పెన్‌డ్రైవే పాడైందనుకుంటారు చాలామంది.

సినిమా తయారయ్యాక చాలామంది చేసే పని.. ఫోన్లో ఖాళీ కోసం అసలు క్లిప్పులు తుడిచేయడం. తమ్ముడు అది చేయకూడదు. సినిమాలోని తాతయ్య రెండోసారి కుదించిన తాతయ్య. వాట్సప్‌లో మామూలుగా పంపితే ఇంకోసారి కుదించుకుపోతాడు (డాక్యుమెంట్‌గా పంపితే అలాగే వెళ్తుంది). ఫోన్ తీసిన ఆ అసలు క్లిప్పు బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, అక్క దగ్గర ఒకటి ఉండాలి. అవి రెండూ తెరుచుకుని, చివరిదాకా ఆడుతున్నాయని చూసుకున్నాకే ఫోన్ ఖాళీ చేయడం.