తీగలేని తేమమాపకములు – కొనుటకు ముందు ఒక మనవి

మన సంఘ సభ్యులలో పలువురు రెండు మాసములుగా నన్ను ఒకటే ప్రశ్న అడుగుచున్నారు. పొలములో పాతిన సెన్సరు నేలతేమను కొలిచి, తీగలు లేకయే ఆ లెక్కను పంపగా, ఇంటియొద్ద కూర్చుండి సెల్‌ఫోనులో చూచుకొనవచ్చునట గదా, సంఘము వానిని కొనుట మంచిదా కాదా యని. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయము చర్చకు వచ్చునని కార్యదర్శిగారు తెలిపినందున నా యభిప్రాయమును ముందుగానే వ్రాసి మీ యెదుట పెట్టుచున్నాను. కొనుట మంచిదే. కాని నాకు జరిగిన నష్టమును విన్న తరువాత కొనుడు.

మూడేండ్ల క్రిందటి రబీలో నా ప్రదర్శన క్షేత్రమున ఒక ఎకరము ఎఱ్ఱనేలలో వేరుసెనగ వేసి, జానెడు లోతున సెన్సరు పాతించితిని. తేమ నూటికి 12 పాళ్లకు దిగినప్పుడు తడి పెట్టవలయునని నిర్ణయించుకొంటిని. తడి పెట్టిన ఆఱవనాడు ఫోనులో 14 కనబడినది. ఇంక రెండు దినములు ఆగవచ్చునని తలచి, కార్యాలయపు పనిమీద వేఱొక యూరికి పోయితిని. అచ్చటినుండి ప్రతి యుదయము చూచుచునే యుంటిని. మఱునాడును 14. ఆ మఱునాడును 14. చలికాలము గదా, తేమ మెల్లగా తగ్గుచున్నదనుకొంటిని. బోరునీరు మిగులుచున్నదని సంతోషించితిని కూడ. ఆఱుదినములకు తిరిగి వచ్చి చూడగా, పొద్దు నడినెత్తికి రాకమునుపే ఆకులు ముడుచుకొని యున్నవి. అది ఊడలు నేలలోనికి దిగు సమయము. నేల పైపొర గట్టిపడి, ఊడలు దిగలేక పైననే నిలిచిపోయినవి. పెట్టె విప్పగా బ్యాటరీ తీగను ఎలుక కొఱికియున్నది. నేను ఊరు విడిచిననాడే సెన్సరు మూగవోయినది. డ్యాష్‌బోర్డు మాత్రము దాని చివరి అంకెనే పచ్చని రంగులో చూపుచుండెను. పైన “ప్రత్యక్ష సమాచారము” అని వ్రాసియుండెను.

ప్రక్క ఎకరములో పండినదానిలో మూడు పాళ్లకు రెండు పాళ్లే నాకు పండెను. ఆ ప్రక్క రైతునకు సెన్సరు లేదు. మట్టిని పిడికిట పట్టి చూచి, తడి పెట్టుకొనెను. ఆయన నన్ను ఏమియు ననలేదు, అనియుండిన బాగుండెడిది.

ఈ యంత్రములు పని చేయు విధము తెలియనిదే తప్పు ఎక్కడ జరిగినదో తెలియదు. పొలములోని పరికరము దినమంతయు మేలుకొని యుండదు. పావుగంటకో అరగంటకో ఒకసారి మేల్కొని, తేమను కొలిచి, ఆ అంకెను రేడియో తరంగములపై పంపి మరల నిద్రించును. అందుచేతనే చిన్న బ్యాటరీ సంవత్సరములకొలది వచ్చును. మన దేశమున 865 మొదలు 868 మెగాహెర్ట్జుల వఱకు గల తరంగములను, నిర్ణీత శక్తికి లోబడి, లైసెన్సు లేకయే వాడుకొనవచ్చును. లోరా అను పద్ధతి యిక్కడ ఆ తరంగములపై నడచును. బయలునేలలో కబురు కొన్ని కిలోమీటర్లు పోవును; తోపులు, మేడలు అడ్డమున్న తగ్గును. సంఘ కార్యాలయపు మిద్దెపై గేట్‌వే యను పెట్టెనొకదానిని అమర్చినచో చుట్టుపట్ల పొలముల అంకెలన్నియు అందులో చేరి, ఇంటర్నెట్ ద్వారా దూరపు కంప్యూటరునకు పోయి, డ్యాష్‌బోర్డు అను పట్టికలో కనబడును. ఇన్ని చేతులు మాఱు కబురులో ఏ చేయి ఆగినను చివర కూర్చున్న మనకు తెలియవలెను గదా. నాకు తెలియలేదు. తెఱ అబద్ధమాడినదని చెప్పను. తనకు చివర తెలిసిన మాటనే చెప్పినది. ఎప్పుడు తెలిసినదో చెప్పలేదు.

ఇది తీర్పరాని లోపము కాదు. కబురు మోయు పద్ధతులలో ఎంక్యూటీటీ యనునది మిక్కిలి వాడుకలో నున్నది. చమురు గొట్టములను ఉపగ్రహము ద్వారా దూరమునుండి కనిపెట్టుటకై ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనువారు 1999లో దానిని కల్పించిరి. అందులో నాకు ఎంతయు నచ్చిన ఏర్పాటొకటి కలదు. పరికరము సంబంధము కలుపుకొనునప్పుడే మధ్యవర్తి కంప్యూటరు చేతిలో ఒక వీలునామా పెట్టవచ్చును: నేను చెప్పకుండ మాయమైతినేని ఈ మాటను అందఱికిని తెలుపుము, అని. ఇంగ్లీషులోను దానికి వీలునామా యనియే పేరు. మన గేట్‌వే కరెంటు పోయి నిలిచిపోయినచో ఆ వీలునామా చదువబడి, డ్యాష్‌బోర్డు ఎఱ్ఱబడవలయును. పొలములోని సెన్సరు సంగతి వేఱు. అది ఎట్లును నిద్రించునదే గనుక దాని మౌనమును గడియారముతోనే పట్టవలయును. అరగంటకొకసారి పలుకవలసినది రెండు గంటలు పలుకలేదా, అంకెను తుడిచివేసి, “కబురు లేదు” అని చూపవలయును. ఇది కంప్యూటరు నేర్చిన కుఱ్ఱవానికి గడియసేపు పని. అమ్మువారు దీనిని చేయకపోవుట అలసత్వమే యని నా తలంపు.

నేను మిషను బడిలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు వానకొలతను ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు పుస్తకమున వ్రాయించెడివారు. వాన లేనినాడు సున్న వ్రాయవలయును. చూడనినాడు గీత గీయవలయును. చూడక సున్న వ్రాసినవానికి బెత్తముదెబ్బ. సున్నకును గీతకును గల భేదమును ఇంత వెలగల డ్యాష్‌బోర్డు ఎఱుగకుండుట నాకు వింతగా నుండెను.

అంకెలు రైతులకేమి తెలియునని కొందఱందురు. వారు 2003 మొదలు 2009 వఱకు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో జరిగిన ఆంధ్రప్రదేశ్ రైతు నిర్వహణ భూగర్భజల వ్యవస్థల పథకమును ఎఱుగరు కాబోలు. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబునగరము, నల్లగొండ – నాటి ఈ ఏడు జిల్లాలలోని వందలకొలది పల్లెలలో రైతులే, స్త్రీలును పురుషులును, పరిశీలన బోర్లలోని నీటిమట్టమును పక్షమునకొకసారి కొలిచిరి, వానకొలతను వ్రాసిరి, ఊరి నడుమ పలకలపై అందఱికిని కనబడునట్లు పెట్టిరి. రబీకి ముందు కూర్చుండి, నేలలోనున్న నీరెంత, వేయదలచిన పైరులకు కావలసినదెంత యని లెక్క వేసికొనిరి. పైరు మార్చుకొనుమని ఎవరును బలవంతము చేయలేదు. లెక్క చూచి తామే వరి తగ్గించినవారు గలరు. ఊరి పలకకు ఇంకొక గుణము కలదు: వ్రాయువాడు మానినయెడల గడి ఖాళీగా నుండి, దారిన పోవు ప్రతివానికిని తెలిసిపోవును.

అందుచేత మన సంఘము సెన్సరులు కొన్నను, కార్యాలయపు గోడమీద నల్లపలక తప్పక యుండవలయును. ప్రతి యుదయము ఒకరు డ్యాష్‌బోర్డు చూచి, పొలము పేరు, తేమ, కొలిచిన వేళ, ఈ మూడును సుద్దతో వ్రాయవలయును. స్మార్టుఫోను లేని సభ్యులకు అది ఫోను. ఉన్నవారికి అది సాక్షి. ఆ పలకపై నేల రకమును కూడ వ్రాయుట మఱువరాదు. నా ఎఱ్ఱనేలలో 14 అనగా ఇంకను నీరున్నదని యర్థము. నల్లరేగడిలో 14 కనబడినచో పైరు వాడియుండవలసినదే. ఒకరి అంకె చూచి మఱియొకరు మోటారు ఆపుకొన్నచో చేటు. ప్రతి నేలలో ఒకమాఱైనను మట్టిని తీసి, తూచి, ఎండబెట్టి, మరల తూచి, సెన్సరు మాటతో సరిచూచుకొనవలయును.

మఱియొక సంగతి. ఇపుడు మనకు వచ్చిన ప్రతిపాదనలో అంకెలన్నియు అమ్మువారి కంప్యూటరులోనే యుండును. ఏటేట అద్దె కట్టవలయును. మానినచో మన నేలల చరిత్ర మనకు దక్కదు. ఇది నాకు సమ్మతము గాదు. నెలనెలకు లెక్కలన్నియు సంఘమునకు ఒప్పగింతుమని వ్రాసి ఇయ్యనిదే సంతకము చేయరాదు. థింగ్స్‌బోర్డు, గ్రఫానా మొదలగు ఉచితముగా వాడుకొనదగిన డ్యాష్‌బోర్డులును ఉన్నవి. మన యూళ్లలో ఇంజనీరింగు చదివి యింటనున్న పిల్లలకు నెలకు కొంత జీతమిచ్చి ఆ పని చేయించుకొనవచ్చును. సొంతముగా నడుపుకొనుట కష్టమే. మొదటి సంవత్సరము తప్పులు జరుగును. అయినను నేను దానివైపే మొగ్గుదును.

సమావేశమునకు అమ్మువారి ప్రతినిధియు వచ్చునట. వారు తెఱపై రంగురంగుల గీతలు చూపుదురు. చూడుడు, బాగుండును. తరువాత మీలో ఒకరు లేచి, బల్లమీది సెన్సరులో బ్యాటరీ ఊడదీయుడని మర్యాదగా కోరుడు. గోడగడియారము చూచుకొని, ఆ పరికరము మూగవోయినదని డ్యాష్‌బోర్డు ఎంతసేపటికి ఒప్పుకొనునో లెక్కపెట్టుడు. నేను వెనుక వరుసలో కాగితమును పెన్సిలును పట్టుకొని కూర్చుందును.