తిరిగి వాడిన నీరు తిరిగి రాదు

బొగ్గునో ఇనుప ఖనిజాన్నో మెత్తగా నూరి, నీళ్లలో కలిపి గొట్టంలో పంపిస్తే లారీల దుమ్ముండదు, డీజిలు పొగుండదు, ఖర్చూ తగ్గుతుంది. స్లర్రీ పైప్‌లైన్ల గురించి పరిశ్రమల వాళ్లు చెప్పే ఈ మాట అబద్ధమేమీ కాదు. నీళ్ల సంగతి ఎత్తితే మాత్రం "చివర్లో వడగట్టి తిరిగి వాడతాం కదా" అంటారు. నా పేచీ ఆ ఒక్క మాటతోనే.

అమెరికాలోని అరిజోనాలో బ్లాక్ మెసా అనే పీఠభూమి ఉంది. నవాహో, హోపీ తెగల నేల అది. వానలు బహు తక్కువ. హోపీలు కాలువల్లేకుండా, ఇసుకలో దాగిన తేమతోనే మొక్కజొన్న పండిస్తారు. నీటి ఊటలను పవిత్రంగా కొలుస్తారు. 1970 నుంచి 2005 దాకా అక్కడి బొగ్గు 273 మైళ్ల గొట్టంలో నెవాడాలోని మొహావే విద్యుత్ కేంద్రానికి వెళ్లింది. టన్ను బొగ్గుకు దాదాపు టన్ను నీళ్లు. ఏటా 100 కోట్ల గ్యాలన్ల పైమాటే, అంటే మన లెక్కలో సుమారు 400 కోట్ల లీటర్లు. అవి మురుగునీళ్లు కావు, ఏటి నీళ్లూ కావు. నవాహో ఇసుకరాతి పొరలో వేల ఏళ్లుగా నిలిచిన, ఆ ఊళ్లు తాగే నీళ్లు.

మొహావేలో ఆ నీటిని బొగ్గు నుంచి వేరు చేసి కేంద్రాన్ని చల్లార్చడానికి వాడారు. తిరిగి వాడిన మాట నిజమే, కానీ 440 కిలోమీటర్ల అవతల! తోడిన పొరలోకి వాటిలో ఒక్క చుక్కా వెనక్కి పోలేదు. ఆ రోజుల్లోనే ఎన్నో నవాహో కుటుంబాలు ఇంట్లో కొళాయి లేక, ట్రక్కుల్లో డ్రమ్ములేసుకుని దూరాల నుంచి నీళ్లు తెచ్చుకునేవి. ఊటలు సన్నబడ్డాయని హోపీలు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. తాము తోడినందువల్ల కాదని గని నడిపిన పీబాడీ కంపెనీ వాదించింది. ఆ వాదం ఎటు తేలినా, తాగునీళ్లతో బొగ్గును తోయడం న్యాయమెలా అవుతుంది?

గత్యంతరం లేదనడానికీ వీల్లేదు. అదే బ్లాక్ మెసా మీద, అదే పీబాడీ కంపెనీకి చెందిన కయెంటా గని బొగ్గు కన్వేయర్ బెల్టు మీద కిందికి దిగి, కరెంటు రైల్లో 78 మైళ్లు పోయి, పేజ్ దగ్గరి నవాహో విద్యుత్ కేంద్రానికి చేరేది. ఆ దారిలో బొగ్గును మోయడానికి నీళ్ల పనే లేదు.

మనకూ బైలదిల్లా నుంచి విశాఖకు 267 కిలోమీటర్ల ఖనిజపు గొట్టం ఉంది. బైలదిల్లా ఉన్న బస్తర్‌లో వానలున్నాయి, సరే. రేపు అనంతపురం లాంటి చోట ఇలాంటిది వేస్తామని ఎవరైనా వస్తే, నీటిని వెనక్కి తెచ్చే రెండో గొట్టాన్నీ, దాన్ని నడిపే కరెంటునూ అంచనాలో కలపమనాలి. రైలుతో పోల్చడం ఆ తర్వాతే.