సినిమాలు సిఫారసు చేసేవారికి కొన్ని ప్రశ్నలు

“మంచి సినిమాలు పది చెప్పండి” అని అడిగేవాళ్లకు మనలో కొరత లేదు. చెప్పేవాళ్లకు అంతకంటె లేదు. కాని చెప్పేవాళ్లు పేర్లు చెబుతారు, కారణాలు చెప్పరు. తమకు నచ్చింది గనక అవతలివాడికీ నచ్చాలి; అంతటితో విమర్శ ముగిసిపోతుంది. స్నేహితుడి అప్పు పత్రం మీద జామీను సంతకం పెట్టేవాడు కూడా యింతకంటె యెక్కువ ఆలోచిస్తాడు. సినిమాను సిఫారసు చెయ్యడమూ జామీను పడటమే. వొక విద్యార్థి మూడు గంటల కాలానికి, ఆ మూడు గంటల్లో అతని మనసులోకి దిగే భావాలకు మనం పూచీ పడుతున్నాం.

నేను తెలుగు సాహిత్యం బోధించేవాణ్ణి. మా తరగతిలో వొక పద్యం బాగుందని యెవరైనా అంటే “యెందుకు?” అని అడిగి తీరుతాం. అదే సినిమా దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న మాయమైపోతుంది. మా విద్యార్థుల్లో ప్రబంధం ముఖం చూడనివాళ్లు వున్నారు, సినిమా చూడనివాళ్లు లేరు. యెక్కువమంది మనసులను తీర్చిదిద్దే కళ మీద తక్కువ విమర్శ, తక్కువమంది చదివే కళ మీద యెక్కువ విమర్శ! యిది అధ్యాపకులుగా మనం చేస్తున్న అన్యాయం.

యీ జాబితాలు వేసేవాళ్లు మూడు తెగలు. పాతదంతా బంగారమనేవారు వొక తెగ. వసూళ్లే కొలబద్ద అనేవారు రెండవ తెగ. మూడవ తెగ మనవాళ్లే. తెరమీద యెర్రజెండా కనిపిస్తే చాలుననేవారు. ముగ్గురికీ నేను వేసే ప్రశ్న వొకటే. కథలో పని చేసేది యెవరు? చివరికి ముడి విప్పేది యెవరు?

మొదటి తెగతో మొదలుపెడదాం. వీరి జాబితాలో ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957) తప్పక వుంటాయి. నా జాబితాలోనూ వుంటాయి. కాని వారు చెప్పే కారణాలకు నేను సంతకం పెట్టను. “ఆ రోజులే వేరు, ఆ సంస్కారమే వేరు” అని నిట్టూర్చడం విమర్శ కాదు, వయస్సు మీద పడిన లక్షణం.

బి.ఎన్. రెడ్డి ‘మల్లీశ్వరి’కి బుచ్చిబాబు ‘రాయలవారి కరుణకృత్యం’ వొక ఆధారం. ఆ పేరులోనే కథలోని రాజకీయం యావత్తూ వుంది. పల్లెటూరి పిల్లను గురించి ఆమె బావ వేళాకోళంగా అన్న మాట నిజమై రాణివాసం నుంచి పల్లకి దిగుతుంది. సొమ్ములు చూసి తల్లి మురిసిపోతుంది. పిల్ల మనసు యెవరికీ అక్కర్లేదు. ఆ అంతఃపురంలో ప్రేమించినవాడు అడుగుపెడితే మరణదండన. యీ నిర్బంధాన్ని కల్పించినది రాచరికం. చివరికి క్షమించి కీర్తి కొట్టేసేదీ రాచరికమే! దీన్ని కరుణ అని పిలవాలంటే తాళం వేసినవాడే తలుపు తీసినందుకు చేతులు జోడించాలి. అయినా యీ చిత్రాన్ని చూడమంటాను. యెందుకంటే భానుమతి ముఖంలో ఆ పల్లకి యేం చేసిందో కనిపిస్తుంది. కృష్ణశాస్త్రి మాటల్లో, సాలూరి రాజేశ్వరరావు బాణీల్లో బందీ అయిన మనిషి వేదన వినిపిస్తుంది. ముగింపు రాజుది కావచ్చు గాని, అంతకుముందున్న దుఃఖం యావత్తూ ప్రజలది. కళాఖండం తన ముగింపు కంటె పెద్దది కాగలదని చెప్పడానికి యింతకంటె మంచి నిదర్శనం నాకు తెలియదు.

‘మాయాబజార్’ను పౌరాణికమని కొట్టిపారేసే అభ్యుదయవాదులు యిప్పటికీ అక్కడక్కడ తగులుతారు. వారు ఆ చిత్రాన్ని సరిగా చూడలేదు. పాండవుల బంధువుల కథ అది. అందులో పాండవులు తెరమీదికే రారు. వారి రాజ్యం పోయింది గనక బంధుత్వమూ పోయింది. రాజ్యమున్ననాడు శశిరేఖను అభిమన్యుడికి యిస్తామన్న మేనమామవారి మాట, సంపద పోగానే మారిపోయి దుర్యోధనుడి కొడుకు వైపు తిరుగుతుంది. డబ్బు కుటుంబ సంబంధాలను యెలా తిరగరాస్తుందో చెప్పడానికి కె.వి. రెడ్డి వుపన్యాసం యివ్వలేదు, నవ్వించాడు. యిక్కడ ముడి విప్పేది మాయ; మనుషుల చేతిలో పరిష్కారం లేదు. ఆ లోపం వున్నా, కృష్ణా గుంటూరు జిల్లాల మధ్యతరగతి యింటిని ద్వారకలో నిలబెట్టిన ఆ వ్యంగ్యం మన సొత్తు. భక్తులకు వదిలిపెట్టవలసిన పని లేదు.

పాతవాటిలో నా జాబితాకు యెక్కవలసినవి మరి రెండు వున్నాయి. పాతబంగారం తెగవారు వీటిని సాధారణంగా మరచిపోతారు. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938)లో అంటరానితనాన్నీ, ‘రైతుబిడ్డ’ (1939)లో జమీందారీనీ తెరమీద నిలదీశాడు. ‘మాలపిల్ల’కు కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. ‘రైతుబిడ్డ’ జమీందార్ల ఆగ్రహానికి గురై నిషేధాన్ని యెదుర్కొంది. విచిత్రమేమంటే యీ రెండు చిత్రాలనూ తీసిన సారథి సంస్థ వెనుక వున్న ధనం చల్లపల్లి జమీందారుది! ఆ చల్లపల్లి యెస్టేటు భూములకోసమే తరువాతి కాలంలో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతులూ కూలీలూ దీర్ఘకాలం పోరాడవలసి వచ్చింది. పెట్టుబడి యెవరిదో తెలిస్తే చిత్రం విలువ తేలిపోయిందని తీర్పు చెప్పేవారు యీ వొక్క వుదాహరణ దగ్గర కాస్త ఆగాలి. అలాగే “చూశారా, జమీందారు యెంత ఉదారుడో!” అని మురిసేవారు చల్లపల్లి పొలాల చరిత్ర దగ్గర ఆగాలి. రామబ్రహ్మం ఆ డబ్బును ఆ డబ్బుకు వ్యతిరేకంగానే ప్రయోగించాడు. కళాకారుడికి అలాంటి సందు దొరకడం అరుదు. దొరికినప్పుడు వాడుకున్నవాడు గొప్పవాడు.

రెండవ తెగ సంగతి. వీరికి సినిమా మంచిచెడ్డలు కోట్లలో తెలుస్తాయి. మొదటి రోజు యెంత, మొదటి వారం యెంత అని నిర్మాత గుమాస్తా వేసుకోవలసిన లెక్కను విద్యార్థి వేస్తున్నాడు. ఆ లాభంలో అతనికి దమ్మిడీ రాదు; టికెట్టు డబ్బు పోయింది కూడా అతని జేబులోంచే. తనను పిండిన లెక్కను తానే గర్వంగా వల్లించేటట్టు చెయ్యడం పెట్టుబడి సాధించిన విజయాల్లోకెల్లా చిత్రమైన విజయం.

2015లో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. 2017లో రెండవ భాగం వచ్చేదాకా దేశమంతా వొకే ప్రశ్న అడిగింది: కట్టప్ప బాహుబలిని యెందుకు చంపాడు? కట్టప్ప అసలు బానిసగా యెందుకు వుండాలి అని మనలో యెంతమంది అడిగారు? తన పూర్వులు యిచ్చిన మాటకు కట్టుబడి సింహాసనానికి బానిసైనవాడు, ప్రాణప్రదంగా పెంచినవాణ్ణి ఆజ్ఞమీద పొడుస్తాడు. భయంకరమైన యీ విషయాన్ని చిత్రం స్వామిభక్తి అని పిలిచింది; మనం చప్పట్లు కొట్టాం. చివరికి సింహాసనం మీద మంచి రాజు కూర్చుంటాడు, కట్టప్ప మాత్రం కట్టప్పగానే మిగిలిపోతాడు. యుద్ధాల కల్పనలో, దృశ్యాల నిర్మాణంలో ఆ చిత్రం చూపిన సామర్థ్యాన్ని నేను కాదనను. సామర్థ్యం యెవరి సేవలో వుందని మాత్రమే అడుగుతున్నాను.

2022లో వచ్చిన ‘ఆర్‌ఆర్‌ఆర్’ మరొక మెట్టు యెక్కింది. కొమరం భీం పోరాడినది నిజాం రాజ్యపు అటవీ అధికారంతో; 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చినది ఆ పోరాటంలో. చిత్రంలో నిజాం పాలన పక్కకు తప్పుకుంది, తెల్లదొర వొక్కడే విలన్‌గా మిగిలాడు. కల్పన అని ముందే చెప్పారు గదా అంటారు. చెప్పారు. కాని ఆ కల్పన చివర గోండు వీరుడు అల్లూరిని కోరుకునే వరం యేమిటి? చదువు చెప్పమని! వొక జాతికి నాయకుడైనవాడు మరొకడి ముందు శిష్యుడుగా నిలబడటమే కల్పనకు సహజంగా తోచిందంటే, ఆ కల్పన యే వర్గపు తలలో పుట్టిందో వేరే చెప్పాలా? అల్లాణి శ్రీధర్ 1990లోనే ‘కొమరం భీమ్’ తీశాడు. అది థియేటరు ముఖం చూసింది 2010లో. యిరవై యేళ్లు! “జనం చూసేదే మంచి సినిమా” అనేవారు, జనానికి చూసే అవకాశం యెవరి చేతిలో వుందో కూడా చెప్పాలి.

యిక మనవాళ్లు. మన మిత్రుల జాబితాల్లో ‘ఒక ఊరి కథ’ (1977) కనిపించదు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ను మృణాల్ సేన్ తెలుగు పల్లెకు తెచ్చి తీసిన చిత్రం అది. అందులో తండ్రీ కొడుకులు పని చెయ్యరు. పాటుపడినా, పడకపోయినా తినేది వొకటే గనక పాటుపడటం దండుగ అంటారు. కోడలు నీలమ్మ వొక్కతే రెక్కలు ముక్కలు చేసుకుంటుంది. పురిట్లో దిక్కులేక చనిపోతుంది. “శ్రామికవర్గాన్ని సోమరులుగా చూపడం అభ్యుదయమా?” అని వొక మిత్రుడు నన్ను నిలదీశాడు. శ్రమకు ఫలితం లేని వ్యవస్థ మనిషిని యెంత లోతుకు దిగజార్చగలదో చూపడం అభ్యుదయం కాకపోతే మరేది? పేదవాడు అన్ని వేళలా పిడికిలి బిగించి వుండాలని పట్టుపట్టడం పేదవాడి మీద ప్రేమ కాదు. మన గోడపత్రికకు బొమ్మ కావాలన్న కోరిక. పైగా ఆ యింట్లో పని చేసేది ఆడది, చచ్చేదీ ఆడదే. దోపిడీకి గురైనవాడే తన గుడిసెలో మరొకర్ని దోచుకోగలడన్న నిజం మన ఉపన్యాసాల్లో యెంత తరచుగా వినిపిస్తుంది?

అలా అని ‘మా భూమి’ని తగ్గించడం లేదు. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలుగా 1979–80లో వచ్చిన యీ చిత్రం నా జాబితాలో మొదటి వరసలో వుంటుంది. అందులో జెండా వున్నందుకు కాదు. వెట్టిలో పుట్టిన రామయ్య చైతన్యం వొక్క ఉపన్యాసంతో వచ్చిపడదు. పట్నం వెళ్లి, కూలి చేసి, మనుషుల్ని కలిసి, దెబ్బ తిని, మెల్లమెల్లగా వస్తుంది. 1948 పోలీసు చర్య తరువాత పారిపోయిన దొర గాంధీ టోపీ పెట్టుకుని తిరిగి వచ్చే ఘట్టం వొక్కటి చాలు. అధికారం చేతులు మారడానికీ, టోపీ మారడానికీ తేడా అక్కడ తెలుస్తుంది.

‘మా భూమి’ తరువాత తప్పక చూడవలసినది నర్సింగరావే తీసిన ‘దాసి’ (1988). అయిదు జాతీయ పురస్కారాలు వచ్చిన చిత్రం. ఉత్తమ నటి అర్చన, కళాదర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం అందులో వున్నారు. దొర గడీలో కట్నంతో పాటు వచ్చిన ఆడబాపలాంటి బతుకు కమలాక్షిది. నీళ్లు మోస్తుంది, కాళ్లు వొత్తుతుంది, పిలిస్తే వెళుతుంది. కడుపు పండితే ఆ కడుపు కూడా ఆమెది కాదు. మేం కళాశాలలో దీన్ని ప్రదర్శిస్తామంటే “పిల్లలు కూర్చోరు, మాటలే లేవు అందులో” అన్నారు పెద్దలు. ప్రదర్శించాం. మొదటి పావుగంటలో కొందరు లేచిపోయిన మాట నిజం. మిగిలినవారిలో వొక అమ్మాయి చర్చలో అడిగింది: “ఆమె యెందుకు మాట్లాడదు సార్?” నేను జవాబు చెప్పేలోగా వెనుక వరసలోంచి మరొక అమ్మాయి అంది: “ఆమెను యెవరు అడిగారని మాట్లాడుతుంది?” నేను ఆ రోజు యిక వ్యాఖ్యానం చెయ్యలేదు. ‘మల్లీశ్వరి’ని, ‘దాసి’ని వొక వారం తేడాతో చూడమని నా సిఫారసు. వొకదానిలో పల్లకి, మరొకదానిలో గడీ. వొకదానిలో రాజు క్షమిస్తాడు. మరొకదానిలో క్షమించేవాడే లేడు. అక్కడ క్షమాపణ చెప్పవలసినవాడే వున్నాడు.

కొత్తవాటిలో యేమీ లేదనడం సోమరితనం. ‘మల్లేశం’ (2019) చూడండి. పోచంపల్లి చీరకు ఆసు పోసే తల్లి చెయ్యి రోజుకు వేలసార్లు అటూ యిటూ ఆడుతుంది, భుజం పడిపోతుంది. ఆ నొప్పిని పోగొట్టే యంత్రం చెయ్యాలని చింతకింది మల్లేశం పడిన పాటు కథ. వొక చీర వెనుక యెన్ని చేతి కదలికలున్నాయో తెరమీద లెక్క కట్టిన తెలుగు చిత్రాలు యెన్ని? యంత్రం వచ్చాక చీర ధర నిర్ణయించేది యెవరన్న ప్రశ్నను మాత్రం ఆ చిత్రం తలకెత్తుకోలేదు. ఆ ప్రశ్నను చర్చలో మనం వెయ్యాలి.

వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018)లో తారలు లేరు. విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే చాలావరకు నటులు. ఆఫీసులో అటెండరు, సారా కొట్టులో పనివాడు – కులం, మతం, నలుగురి నోరు వారి ప్రేమలకు అడ్డుపడతాయి. ముడి విప్పేది రాజు కాదు, మాయ కాదు. నడివయసు దాటిన యిద్దరు మనుషులు తమ బతుకును తామే నిర్ణయించుకుంటారు. వేణు ఎల్దండి ‘బలగం’ (2023)ను తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి వూరంతా కలిసి చూశారు. నల్లి బొక్క దగ్గర పుట్టిన పేచీ యేళ్ల తరబడి తోబుట్టువులను విడదీయడం, పిండాన్ని కాకి ముట్టకపోతే యింటిల్లిపాదీ వణకడం – యిది చూసి రాసినది, వూహించి రాసినది కాదు. కన్నీళ్లతో కుటుంబం కలుస్తుంది. అప్పు సంగతి ఆ కన్నీళ్లలో కొట్టుకుపోయింది. చిత్రాన్ని మెచ్చుకుంటూనే ఆ మాట అడగవచ్చు, అడగాలి.

మిత్రులకు నా మనవి యిది. జాబితాలు వెయ్యండి, మానవద్దు. కాని ప్రతి పేరు పక్కనా రెండు వాక్యాలు రాయండి. మీకెందుకు నచ్చిందో మొదటి వాక్యం, అందులో మీకు మింగుడుపడనిది యేమిటో రెండవ వాక్యం. రెండవ వాక్యం రాయలేనివాడు ఆ చిత్రానికి అభిమాని, విమర్శకుడు కాడు. కళాశాలల్లో నెలకు వొక చిత్రం ప్రదర్శించి, దీపాలు వెలిగించాక గంటసేపు తగువులాడుకుందాం. నా జాబితాను మీముందు పెట్టాను. ‘మాయాబజార్’ మీద నేనన్నది తప్పనీ, ‘బలగం’ మీద నేనన్నది అన్యాయమనీ వాదించేవారికి స్వాగతం, కారణాలతో రండి.