మడమ నొప్పి, బరువు నింద

గత సంచికలో మధుమేహాన్ని గూర్చి వ్రాసిన పిదప, మా విభాగానికే చెందిన ఒక మిత్రుడు మమ్ము క్యాంటీన్‌లో నిలదీశారు. "బరువు తగ్గండి, బరువు తగ్గండి అని అందరికీ వ్రాస్తారు. నా విషయంలో ఆ మాట ఏం చేసిందో మీకు తెలియనిదా అండీ?" అన్నారు. ఆ నిష్ఠూరానికి మేము తగినవారమే.

ఆయనకు రెండేండ్లపాటు మడమ నొప్పి. ఉదయం మంచం దిగితే గంటసేపు అడుగు పడేది కాదు. 90 కిలోల మనిషి కావడంతో ఇంటివారు, చూచిన వైద్యులు అందరూ బరువునే నిందించారు. మేము కూడా, భారం పెరిగితే పునాది కుంగదా అని మా ఇంజనీరు పాండిత్యం ప్రదర్శించాము. మోచేతులపై ఏళ్ళ తరబడి ఉన్న సోరియాసిస్ పొలుసులను గాని, గోళ్ళమీద గుండుసూదితో పొడిచినట్లున్న గుంటలను గాని ఎవ్వరమూ ఆ మడమతో కలిపి చూడలేదు. ఎడమకాలి వేలొకటి మొదలు నుండి కొస వరకు దొండకాయవలె ఉబ్బి, సేఫ్టీ షూ ఒక సైజు పెద్దది తీసుకోవలసి వచ్చిన తరువాత గాని కీళ్ళ వ్యాధుల నిపుణురాలి వద్దకు వెళ్ళలేదు. ఆమె దానిని సోరియాటిక్ ఆర్థ్రైటిస్‌గా తేల్చారు.

సోరియాసిస్ అంటువ్యాధి కాదు. శరీర రక్షణ వ్యవస్థ దారి తప్పి సొంత చర్మంపైనే తిరగబడటం వలన వస్తుంది. అట్టివారిలో కొందరికి కీళ్ళు, స్నాయువులు ఎముకను అంటుకొనే చోట్లు కూడా వాస్తాయి. మడమ అట్టి చోటే.

మరి బరువు నిర్దోషియా? కాదు. మేము పొరబడినది లెక్కలో. కొవ్వును డెడ్ లోడ్‌గా మాత్రమే చూశాము. నిజానికది రేయింబవళ్ళు నడిచే కర్మాగారం. స్థూలకాయపు ఎలుకల కొవ్వులో టి.ఎన్.ఎఫ్. అనే వాపు కలిగించే పదార్థం తయారవుతున్నదని 1993లోనే శాస్త్రజ్ఞులు చూపారు. ఈ వ్యాధికి ఇచ్చే ఖరీదైన ఇంజెక్షన్లలో అనేకం అడ్డుకొనేది ఆ పదార్థాన్నే! ఒకవైపు మందుతో ఆర్పుతుంటే మరొకవైపు కొవ్వు ఎగదోస్తుందన్నమాట. పైగా ఆ ఇంజెక్షన్లలో పెక్కింటికి 60 కిలోల వారికీ 100 కిలోల వారికీ మోతాదు ఒక్కటే. మెథోట్రెక్సేట్ వాడేవారికి కాలేయంలో కొవ్వు చేరి ఉంటే అదొక అదనపు ప్రమాదం. మద్యం సంగతి చెప్పనక్కరలేదు.

ఇక భారం మాట. మోకాలి అరుగుదల ఉన్న స్థూలకాయులపై అమెరికాలో జరిగి 2005లో వెలువడిన పరిశీలనలో, ఒక కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలిపై నాలుగు కిలోల ఒత్తిడి తగ్గినట్లు తేలింది. వ్యాధి వేరైనా యాంత్రిక సూత్రం అదే. నొప్పి వలన నడక తగ్గుతుంది, నడక తగ్గితే బరువు పెరుగుతుంది. "బద్ధకం" అని మనం తేలికగా అనేది చాలాసార్లు ఇదే.

ఇటలీలో ఈ వ్యాధి కలిగి, టి.ఎన్.ఎఫ్. మందులు మొదలుపెట్టిన 138 మంది అధిక బరువు గలవారిని ఆరు నెలలు గమనించి 2014లో ఫలితాలు ప్రకటించారు. బరువులో 5 శాతం కూడా తగ్గనివారిలో వ్యాధి బాగా అణగినది నూటికి 23 మందికి. 5 నుండి 10 శాతం తగ్గినవారిలో 45 మందికి. అంతకు మించి తగ్గినవారిలో దాదాపు 60 మందికి. మందు లేకుండా కాదు, మందుతో పాటు. ఈ భేదాన్ని పాఠకులు మరువరాదు. 2019లో స్వీడన్ వారు అత్యల్పాహారంతో ఇంకా ఎక్కువ తగ్గించి మేలు చూశారు గాని, అది వైద్యుల కనుసన్నలలో జరిగినది. ఇంటిలో చేయదగినది కాదు.

90 కిలోలలో 5 శాతమంటే నాలుగున్నర కిలోలు. మా మిత్రుడు ఏడాదిలో ఆరు తగ్గారు. నైట్ షిఫ్టులో రెండవ విడత బోండాలు మానారు. ఇంట్లో ఆయన శ్రీమతి అన్నం తగ్గించి కూర పెంచారు. మడమ నడకను ఒప్పుకోనందున సైకిలు త్రొక్కారు. వారానికొక మాత్ర, రక్తపరీక్షలు యథావిధిగా సాగుతున్నవి. నొప్పి పూర్తిగా పోలేదు, వాన ముసురులో అప్పుడప్పుడు వేధిస్తుందట.

గత నెలలో స్టోర్స్‌కు వెళ్ళి, పాత సైజు సేఫ్టీ షూలకు ఇండెంట్ పెట్టి వచ్చారు.