ఖాళీ రోజులు కూడా సామానే

అలాస్కాలో రోడ్డు లేని సరస్సుకు చేపలు పట్టడానికి వెళ్లాలంటే నీళ్లమీద దిగే చిన్న విమానమే దిక్కు. 1947లో మొదటిసారి ఎగిరిన బీవర్ రకం విమానాలు అక్కడ ఇంకా తిరుగుతున్నాయి. ఆ వీడియోలు చూసి మనవాళ్లు అడిగేది ఏ గాలం, ఏ కెమెరా అని. నన్నడిగితే ప్లాన్‌లో ముందు రాసుకోవాల్సింది రెండు ఖాళీ రోజులు.

ఎందుకంటే అక్కడ కొండల మధ్య ఎక్కువగా కంటిచూపుతోనే విమానం నడుపుతారు. మబ్బు కిందికి దిగితే పైలట్ రాడు, రాకూడదు కూడా. "రేపు నాకు కనెక్టింగ్ ఫ్లైట్ ఉంది, ఎలాగైనా రండి" అని శాటిలైట్ ఫోన్‌లో ఒత్తిడి చేస్తే ప్రమాదాన్ని మనమే పిలిచినట్టు. విమానంలో మనిషికి వారం సరిపడా తిండి, గొడ్డలి, కత్తి, ఆఖరికి గాలాలు కూడా ఉండాలని అలాస్కా చట్టమే చెబుతోంది. ఎక్కడో చిక్కుకుపోతామని ముందే లెక్కేసుకున్న చట్టం అది.

మనం ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ అని పరీక్షలో మార్కుల కోసం రాస్తాం. ఇక్కడ దాన్ని క్యాలెండర్‌లో రాయాలి. రెండు రోజులు వృథా అంటారా? అయితే పదండి, రోడ్డున్న చెరువుకే పోదాం.