గడప వెలుపలి ధర్మము

తిరుమలకు గడప కడప అని మన పెద్దలు చెప్పుచుందురు. దేవుని కడపలో శ్రీ లక్ష్మీవేంకటేశ్వరుని దర్శించి, ఆ పిమ్మట కొండకు నడచుట పూర్వయాత్రికుల సంప్రదాయము. ఉగాదినాడు ఆ స్వామి సన్నిధికి ముస్లిం సోదరులు సైతము వచ్చి మ్రొక్కులు చెల్లించుట ఈ నేలకు గల విశేషము. గడపయన్న మనకు ఎంత గౌరవమో వేరుగ చెప్పనక్కరలేదు. పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, ముంగిట ముగ్గు తీర్చి, దానిని లక్ష్మీస్థానముగ భావింతుము. అయితే ఆ ముగ్గునకు రెండు బారల దూరమున మురుగుకాలువ నిండి వీధిలోనికి పొర్లుచుండగ, దానిని తప్పించుకొని దేవాలయమునకు నడచుట కూడ మనకు అలవాటైనది. మరి ధర్మము గడపవద్దనే ఆగిపోవునా?

ఈ ప్రశ్న నాలో తలయెత్తుటకు కారణము చెప్పెదను. గత కార్తికమాసములో ఒక ధ్రువపత్రమునకై మా పంచాయతీ కార్యాలయమునకు పోతిని. ఆ దినము అక్కడ గ్రామసభ జరుగుచుండెను. పత్రము వచ్చువరకు కాలక్షేపముగ నేనును ఒక మూల కూర్చుంటిని. మా చెరువునకు నీరు తెచ్చు వంక పూడిపోయి, కంపచెట్లతో నిండియున్నది. దానిని బాగుచేయు విషయము ఆనాటి చర్చ. సభకు వచ్చినవారు ఇరువదిమందికి మించరు. కాగితము చదివిరి, సంతకములు చేసిరి, అరగంటలో సభ ముగిసెను. లేచి వచ్చుచుండగ ఊరి చివరి వాడనుండి వచ్చిన ఒక వృద్ధురాలు నన్ను చూచి, "ఏం సామీ, గుళ్లో రోజూ కనపడతావు, ఈడ ఎప్పుడూ కనపడలేదే?" అని నవ్వుచు అడిగెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఆనాటి సాయంకాలము మా ఆలయమండపములో భాగవతప్రవచనము. విషయము గజేంద్రమోక్షము. కూర్చుండుటకు చోటు లేక జనులు మెట్లమీద నిలిచిరి. ప్రవచనకర్తగారు ఆ సరస్సును, అందలి తామరలను, నిర్మలజలమును వర్ణించుచుండగ శ్రోతలు పులకించిపోయిరి. నేనును పులకించితిని. కాని ఉదయము మన ఊరి సరస్సును గూర్చి సభ జరిగినప్పుడు ఈ జనమంతయు ఎక్కడనుండెనని ఆ వృద్ధురాలి మాట మరల మరల వినవచ్చుచుండెను. ముప్పదియేండ్లుగ ఆ ఊరిలోనున్న నేను ఒక్క గ్రామసభకైనను బుద్ధిపూర్వకముగ పోలేదు. అది లౌకికవ్యవహారము, రాజకీయము, సాధకునకు తగనిది అని నా భావన. ఆ భావన తప్పని నేడు చెప్పదలచితిని.

మన శాస్త్రములు కర్మను చెప్పునప్పుడు ఇష్టము, పూర్తము అను రెండింటిని జంటగ చెప్పినవి. యజ్ఞము, అగ్నిహోత్రము మొదలగునవి ఇష్టము. బావి, చెరువు, దేవాలయము, తోట, అన్నసత్రము మొదలైన లోకహితకార్యములు పూర్తము. ఈ రెండును కలిసి 'ఇష్టాపూర్తము' అని ఒకే సమాసమైనవి. ఒక చేత హోమద్రవ్యమును, రెండవ చేత పారను పట్టిన ధర్మమిది. మనమో ఇష్టమును పూజగ నిలుపుకొని, పూర్తమును ప్రభుత్వమునకు అప్పగించి చేతులు కడుగుకొంటిమి.

ఇక్కడ శాస్త్రజ్ఞులు ఒక ఆక్షేపణ చేయవచ్చును. ఇష్టాపూర్తములే సర్వశ్రేష్ఠములని తలచువారు స్వర్గమును అనుభవించి మరల క్రిందికి దిగుదురని ముండకోపనిషత్తు హెచ్చరించుచున్నది గదా అని. నిజమే. కాని ఆ హెచ్చరిక అవియే పరమావధియని భ్రమించువారికి మాత్రమే. ఫలాపేక్ష విడిచి చేసిన కర్మ చిత్తశుద్ధికి హేతువని మన ఆచార్యులందరును అంగీకరించినదే. పూర్తమును దాటిపోయిన జ్ఞాని వేరు, పూర్తమును చేయనేలేని సోమరి వేరు. ఇరువురును చెరువుకట్టపై కనబడరు. అంతమాత్రమున ఇరువురును ఒకటి కారు.

పూర్తధర్మమును మన పూర్వులు ఎంత శ్రద్ధగ ఎంచిరో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. కడప మండలములోని పోరుమామిళ్లలో భైరవాలయము ఎదుట ఒక సంస్కృతశాసనము కలదు. శకవర్షము 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. విజయనగరప్రభువైన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరియొక పేరు గలవాడు, అక్కడ గొప్ప తటాకమును నిర్మింపజేసెను. ప్రతిదినము 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగ రెండేండ్లలో ఆ చెరువు పూర్తియైనదని శాసనము తెలుపుచున్నది. ఆ చెరువు నేటికిని ఉన్నది.

శాసనకర్త రాజును పొగడి ఊరకుండలేదు. మంచి తటాకమునకు 12 అంగములు కావలెనని, 6 దోషములు ఉండరాదని లెక్కించి చెప్పెను. గట్టి బంకనేల, మధురజలము తెచ్చు నది, రెండు కొండల నడుమ దృఢమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భము, చేరువలో నిడుపైన రాళ్లు దొరకు గని, చుట్టును సమతలమైన సారవంతభూములు, నిర్మాణకుశలురైన పనివారు మొదలైనవి అంగములు. కట్టనుండి నీరూరుట, చవుడునేల, గర్భమధ్యమున మిట్ట, కొంచెము నీటికి మిక్కిలి భూమి, మిక్కిలి నీటికి కొంచెము భూమి అనునవి దోషములు. ఆరు దోషములలో మరియొకటి గలదు. రెండు రాజ్యముల సరిహద్దున చెరువు ఉండుట. అట్టి చెరువును ఇద్దరును కోరుదురు గాని, తెగినప్పుడు ఎవరును బాగుచేయరు. దోషమని చెప్పుటలో ఇదియే ఆంతర్యమని నాకు తోచుచున్నది.

నేడు మన చెరువులన్నిటికిని ఈ సరిహద్దుదోషమే పట్టినది. కట్ట ఒక శాఖది, శిఖము మరియొక శాఖది, చేపలవేలము వేరొకరిది, వంక ఎవరిదియు కాదు. పట్టణములలోనైన మురుగుకాలువ ఒకరిది, దానిమీది రోడ్డు ఇంకొకరిది, దానిలో పడవేసిన చెత్త మాత్రము మనది. పూర్వము చెరువు త్రవ్వించినవారికి, బాగుచేయించినవారికి దశబంధమను మాన్యము ఉండెడిది. నీటిని పంచుటకు నీరుగంటి ఉండెడివాడు. పూచీ ఒక మనిషిపై నిలిచెడిది. నేడు పూచీ కాగితముపై నిలిచినది.

ఇక పన్నెండు అంగములలో మొదటిది ఏదో వినుడు. ధర్మపరుడు, ధనవంతుడు, శాశ్వతకీర్తిని కోరువాడు అయిన రాజు. భూమియు, నదియు, రాయియు తరువాతివి. మొదట ధర్మపరుడైన ప్రభువు కావలెను. నేడు ఆ రాజు ఎక్కడ? 73వ రాజ్యాంగసవరణ 1993 ఏప్రిల్ 24 నుండి, 74వ సవరణ అదే సంవత్సరము జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినవి. గ్రామములో ఓటున్న ప్రతివ్యక్తియు గ్రామసభలో సభ్యుడే. చిన్ననీటివనరులు, త్రాగునీరు మొదలైన 29 విషయములు పంచాయతీలకు, నీటిసరఫరా, పారిశుద్ధ్యము, శ్మశానములు మొదలైన 18 విషయములు పట్టణసంస్థలకు అప్పగింపదగినవిగ రాజ్యాంగమునందే లిఖింపబడినవి. 3 లక్షల జనాభా దాటిన నగరములలో వార్డుకమిటీలు ఉండవలెననియు నియమము కలదు. కర్నూలు, కడప రెండును ఆ కోవకు చెందిన నగరములే. అనగా పోరుమామిళ్ల శాసనము చెప్పిన మొదటి అంగము నేడు మనమే. సింహాసనము ఖాళీగనున్నదని వగచుచు, దానిపై కూర్చుండవలసినవారము మండపములో కూర్చుంటిమి.

దీని ఫలమును మనము కన్నులార చూచితిమి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి నదులు పొంగి కర్నూలు నగరమును ముంచెను. మంత్రాలయములో శ్రీ రాఘవేంద్రస్వామి మఠము సైతము జలమయమైనది. 2021 నవంబరు 19, కార్తికపూర్ణిమనాడు, చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్ట తెగి రాజంపేట ప్రాంతపు పల్లెలు కొట్టుకొనిపోయినవి. దీపములు వెలిగింపవలసిన దినమున పదులసంఖ్యలో ప్రాణదీపములు ఆరిపోయినవి. అంతటి ప్రవాహమును ఏ వార్డుసభయు ఆపజాలదు. ఆ విషయములో అతిశయోక్తి వలదు. అయినను నదికి ఎంత చోటు విడిచితిమి, కట్టను ఎవరు చూచుచున్నారు, నీరు వచ్చునప్పుడు పల్లెకు ఎవరు కబురు చేయుదురు అని వానకాలమునకు ముందే అడుగువారు ఊరిలో ఉండవలెను గదా! ఆ ప్రశ్నలు అడుగుటకు చట్టము చూపిన చోటు ఆ సభయే.

"అక్కడ పార్టీలు, వర్గములు, కలహములు. రజోగుణమయమైన ఆ చోటికి సాధకుడు ఎందుకు?" అని కొందరు మిత్రులు అడిగిరి. మన సీమలో ముఠాకక్షల భయమున నోరు మెదపని ఊళ్లు ఉండెడివి. ఆ భయమును నేను తేలికగ కొట్టివేయను. కాని ఆలోచింపుడు. ఆ సభకు బిల్లు కోరువాడు వచ్చును, పదవి కోరువాడు వచ్చును, పగ తీర్చుకొనగోరువాడు వచ్చును. ఏమియు కోరనివాడొక్కడే రాడు. నిష్కామకర్మను నిత్యము పారాయణము చేయు మనము ఆ నిష్కాముడు ఎక్కడ కావలసియున్నాడో అక్కడనే లేము. భగవానుడు జనకాదులను చూపి లోకసంగ్రహమునకై కర్మ చేయుమని అర్జునునకు చెప్పినది గుహలో కాదు, రెండు సేనల నడుమ. దానితో పోల్చిన మన పంచాయతీ కార్యాలయము ఎంత ప్రశాంతస్థలము!

మరియొక మాట కూడ దాచక చెప్పవలెను. పూర్వుల పూర్తధర్మమును కీర్తించునప్పుడు దాని లోపమును మరువరాదు. చెరువునీరు ఎందరి పొలములకో పారినను, ఊరిబావి అందరిని దగ్గరకు రానీయలేదు. చేద ముట్టరాదని దూరముగ నిలువబడి, ఎవరైన పోసిన నీటిని పట్టుకొనిపోయిన తల్లులు ఈ నేలపైననే ఉండిరి. సిద్ధయ్యను శిష్యునిగ స్వీకరించిన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి నడచిన మండలమిది. ఇక్కడ అట్టి వివక్ష మనకు మరింత సిగ్గు. గ్రామసభలో చివరి వాడ వృద్ధురాలి చేయియు, ఆలయధర్మకర్త చేయియు సమానముగ లేచును. సర్వభూతములయందు ఒకే ఆత్మను చూడుమను ఉపదేశమునకు ఇంతకంటె సులభమైన అభ్యాసస్థలము నాకు తెలియదు.

కనుక భజనమండలులకు, ఆలయసంఘములకు నా విన్నపము స్వల్పము. ప్రవచనమునకు కరపత్రము వేయునట్లే గ్రామసభ తేదీని కూడ ఆలయములో ప్రకటింపుడు. వానకాలమునకు ముందు ఒక ఏకాదశినాడు నగరసంకీర్తనను వీధులలో ముగింపక, చెరువుకట్ట మీదుగ వంకవరకు నడువుడు. ఎక్కడ పూడిక, ఎక్కడ ఆక్రమణ, మరవ ఎట్లున్నది, తూము మూయునో మూయదో చూచి వ్రాసికొనుడు. పట్టణములోనైన వార్డు సచివాలయములో వ్రాతపూర్వకముగ అర్జీ ఇచ్చి, రసీదు తీసికొని, మరుసటి నెల మరల పోయి అడుగుడు. హుండీలోని పైకము కాదు, పేరు చెక్కిన పాలరాయి కాదు, మీ కాలములో ఒక పూట చాలును. పేరు మిగులని పని కావుననే అది సాధనయగును.

తటాకమును సప్తసంతానములలో ఒకటిగ మనవారు ఎంచిరి. పుత్రునివలె అదియు వంశమును నిలుపునని వారి విశ్వాసము. కన్నబిడ్డకు జ్వరము వచ్చిన ఎవరి శాఖయని అడుగుదుమా?

మొన్నటి గ్రామసభకు నేను బుద్ధిపూర్వకముగనే పోతిని. నాతో మా భజనమండలినుండి నలుగురు వచ్చిరి. వంక పని ఇంకను మొదలుకాలేదు. ఎందులకు కాలేదని ఈసారి ఐదుగురము అడిగితిమి; సమాధానమును పుస్తకములో వ్రాయించితిమి. ఆ వృద్ధురాలు తన ప్రక్కనున్న కుర్చీని నావైపు జరిపి, మాటలేమియు లేక, కూర్చుండుమని చేయి చూపెను. ఎన్నో ఆలయములలో ఎన్నో సత్కారములు పొందినవాడను గాని, ఆ కుర్చీ నాకు దొరికిన ప్రసాదమని భావించుచున్నాను.

స్వస్తి.